చలికాలం ముంగిట ఇంటి షట్టరు

శీతాకాలం విశ్వాసికి వసంతం వంటిదన్న భావం హదీసు గ్రంథాల్లో కనిపిస్తుంది. రాత్రులు దీర్ఘమవుతాయి గనుక తహజ్జుద్‌కు లేవడం సులభమవుతుంది. పగళ్ళు కురచవుతాయి గనుక నఫిల్ ఉపవాసాలు తేలికవుతాయి. ఈ మాసాల్లో మన ఖుత్బాలు తరచుగా ఆ శుభం గురించే సాగుతాయి. ఈసారి మేము ఆరాధనను గురించి గాక, ఆరాధనకు లేచిన మనిషి వేకువన చేయి వేసే వస్తువును గురించి, అంటే ఇంటి తలుపును గురించి, ముఖ్యంగా బండి నిలిపే గది షట్టరును గురించి రాయదలిచాం. ఇది పత్రికలో రాయదగినంత విషయమా అని పాఠకులకు తోచవచ్చు. ఒకప్పుడు మాకూ అలాగే తోచేది.

కొన్నేళ్ళ క్రితం మాట. మా మద్రసాలో వీధి వైపున్న గదికి షట్టరు ఉంది. సైకిళ్ళు, బియ్యం బస్తాలు అందులో ఉంచుతాం. వానలకు తడిసి, గాడుల్లో మట్టి చేరి, దాన్ని లేపడానికి ఇద్దరు పెద్దవాళ్ళు కావలసివచ్చేది. బాగు చేయించాలని అనుకుంటూనే రెండు నెలలు గడిపేశాం. జనవరి చలిలో ఒక రాత్రి, ఇషా నమాజు తరువాత, నలుగురు పిల్లలు వంటశాల నుంచి నిప్పుల కుంపటి తెచ్చుకుని, గాలి రాకుండా షట్టరు కిందికి లాగి, పాఠం వల్లెవేస్తూ ఆ గదిలోనే నిద్రపోయారు. నడిరేయి ఒక కుర్రవాడికి తలపోటుతో, వాంతితో మెలకువ వచ్చింది. తోటివారిని కుదిపితే మూలిగారే గాని లేవలేదు. షట్టరు ఎత్తబోతే కదలలేదు. కాళ్ళతో తన్నాడు. ఆ చప్పుడుకు ఎదురింటాయన గడ్డపార పట్టుకుని పరుగున వచ్చి దాన్ని పైకి లేపాడు. తెల్లవారకముందే పిల్లల్ని ఆసుపత్రికి చేర్చాం. అల్లాహ్ దయవల్ల నలుగురూ కోలుకున్నారు.

తప్పు పిల్లలది కాదు. కుంపటి ప్రమాదం వారికి తెలియదు. షట్టరు స్థితి మాకు తెలుసు.

తలుపు గురించి దైవప్రవక్త (స) బోధన

హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనం బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. రాత్రి కమ్ముకునే వేళ పిల్లల్ని బయట తిరగనివ్వవద్దనీ, అల్లాహ్ నామం స్మరించి తలుపులు మూయాలనీ, పాత్రలపై మూతలు పెట్టాలనీ, దీపాలు ఆర్పాలనీ దైవప్రవక్త (స) అందులో ఉపదేశించారు. మూసిన తలుపును షైతాన్ తెరవలేడన్న భరోసా కూడా అందులో ఉంది. మదీనాలో ఒక ఇల్లు రాత్రివేళ ఇంటివారితో సహా కాలిపోయిన సంగతిని హజ్రత్ అబూ మూసా (రజి) తెలిపారు. ఆ వార్త విన్న దైవప్రవక్త (స) నిప్పు మనకు శత్రువనీ, నిద్రించే ముందు దాన్ని ఆర్పివేయాలనీ హెచ్చరించారు.

ఈ హదీసులను మేము ఏళ్ళ తరబడి పాఠం చెబుతున్నాం. తలుపు మూయమన్న ఆజ్ఞ, నిప్పు ఆర్పమన్న ఆజ్ఞ పక్కపక్కనే ఎందుకు ఉన్నాయో ఆ జనవరి రాత్రి గాని మాకు బోధపడలేదు. నిప్పును లోపల ఉంచుకుని తలుపు మూసుకుంటే, కాపాడవలసిన తలుపే బంధిఖానా అవుతుంది. తలుపు గట్టిగా మూసుకోవాలి, అవసరమైనప్పుడు పిల్లవాడి చేతికి కూడా తెరుచుకోవాలి. చలికాలానికి షట్టరును సిద్ధం చేయడమంటే ఈ రెండింటినీ సరిచూసుకోవడమే.

మన ప్రాంతపు చలి తీరు

మంచు కురిసే దేశాల్లో ఇంటి తలుపుకు అడుగున మంచు గడ్డకట్టి అంటుకుపోతుందని చదువుతాం. పెనుకొండలో అటువంటి కష్టం లేదు. మన కష్టం వేరు. హిందూపురం సముద్రమట్టానికి 600 మీటర్లకు పైగా ఎత్తున ఉంది. అనంతపురం ప్రాంతంలో ఏడాది సగటు వర్షపాతం దాదాపు 550 మిల్లీమీటర్లే అయినా, అందులో పెద్దభాగం సెప్టెంబరు, అక్టోబరు నెలల చుట్టూ కురుస్తుంది. ఆ తడి ఆరీ ఆరకముందే చలి వస్తుంది. రాత్రివేళ ఇనుప రేకు గాలికంటే త్వరగా చల్లబడుతుంది. గాలిలోని తేమ దానిపై బిందువులుగా చేరి, కిందికి జారి, షట్టరు అడుగు పట్టీ దగ్గర నిలుస్తుంది. అందుకే తుప్పు ఎప్పుడూ అడుగు నుంచే మొదలవుతుంది.

2019లో ఎర్రమంచి దగ్గర కియా కర్మాగారం కార్ల ఉత్పత్తి ప్రారంభించిన తరువాత మన వీధుల రూపం మారింది. బండి నిలపడానికో, అద్దెకు ఇవ్వడానికో, కింది అంతస్తులో షట్టరు ఉన్న ఇళ్ళు ఇప్పుడు చాలా కనిపిస్తాయి. వాకిలి తలుపుకు ఇచ్చే శ్రద్ధ ఆ షట్టరుకు ఇవ్వం.

చలికి ఇనుము కుంచించుకుపోయి షట్టరు బిగుస్తుందని చాలామంది అనుకుంటారు. లెక్క చూస్తే, మూడు మీటర్ల ఇనుప పట్టీ ఇరవై డిగ్రీల చలి తేడాకు కుంచించుకునేది ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. మా షట్టరు బాగుచేసిన మిస్త్రీ ఆ మాటే తన పద్ధతిలో చెప్పాడు: "మౌలానా సాబ్, తప్పు ఇనుముది కాదు. మీరు పూసిన గ్రీజుది, దానికి అంటిన మట్టిది." చిక్కటి గ్రీజు చలికి గట్టిపడుతుంది. మన ఊరి దుమ్ము దానిలో కలిస్తే ముద్ద అవుతుంది.

ఇంట్లో చేసుకోదగిన పనులు

వానలు వెనుకబట్టి, నాలుగైదు రోజులు ఎండ కాసిన తరువాత ఈ పని పెట్టుకోవడం మంచిది. తడి మీద రంగు వేస్తే తుప్పు లోపల బతికే ఉంటుంది.

మొదట రెండు పక్కల గాడుల్లోని మట్టిని పొడి బ్రష్షుతో రాల్చి, కిరసనాయిలు తడిపిన గుడ్డతో పాత గ్రీజు తుడిచివేయాలి. దగ్గరలో నిప్పు, దీపం ఉండకూడదు. ఆరిన తరువాత పలుచని మిషను నూనె కొద్దిగా రాస్తే చాలు. నూనె ఎక్కువైతే దుమ్మును పిలిచినట్టే. తాళం కప్పలో కూడా నాలుగు చుక్కలు వేసి, తాళంచెవి అటూ ఇటూ తిప్పాలి.

అడుగు పట్టీపై తుప్పును ఉప్పుకాగితంతో గీకి, పొడి గుడ్డతో తుడిచి, రెడాక్సైడ్ పూసి, అది ఆరాక రంగు వేయాలి. పట్టీ కింద రబ్బరు అరిగిపోతే మార్చాలి. మిట్టమధ్యాహ్నం లోపలి నుంచి షట్టరు మూసి దీపం ఆర్పి చూస్తే, వెలుతురు వచ్చే సందు కనబడుతుంది. చల్లగాలి, ఎలుక, తేలు వచ్చేదీ ఆ సందులోంచే.

తరువాత షట్టరును నడుము ఎత్తు వరకు లేపి, కాళ్ళు దూరంగా ఉంచి, చేతిపట్టు మెల్లగా సడలించి చూడాలి. అది అక్కడే నిలిస్తే స్ప్రింగు బాగుంది. ధబాలున జారబోతే స్ప్రింగు బలం తగ్గింది. దాన్ని మాత్రం ఇంట్లో ఎవరూ విప్పకూడదు. చుట్టుకుని ఉన్న స్ప్రింగు ఒక్కసారిగా విడితే చేయి విరుగుతుంది. అది మిస్త్రీ పని. మోటారు షట్టరు ఉన్నవారు కరెంటు లేనప్పుడు చేతితో తెరిచే విధానాన్ని ఇంట్లోని స్త్రీలకు, పెద్దపిల్లలకు తప్పక నేర్పాలి.

చెక్క తలుపు సంగతి వేరు. వానలకు ఉబ్బి బిగిసిన తలుపును వెంటనే చిత్రిక పట్టిస్తే, జనవరి నాటికి చెక్క ఎండి సందు పడుతుంది. చెక్క ఆరేదాకా ఓపిక పట్టాలి.

గాలికి దారి ఉండాలి

చలికి భయపడి గది పైభాగంలోని వెంటిలేటరును గుడ్డలతో, అట్టలతో మూసే అలవాటు కొన్ని ఇళ్ళలో ఉంది. అది కూడదు. బొగ్గు మండినా, ఇంజను నడిచినా కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు వెలువడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నెత్తురులో ప్రాణవాయువు ఉండవలసిన చోటును అది 200 రెట్లకు మించిన బలంతో ఆక్రమిస్తుంది. నిద్రలో ఉన్నవాడు నిద్రలోనే ఉండిపోతాడు. పొగ లేదు గనుక నివురుగప్పిన నిప్పు క్షేమమని అనుకోవడం పెద్ద పొరపాటు. బాలింత గదిలో కుంపటి పెట్టే ఆచారం ఉన్నవారు ఈ మాట గట్టిగా గుర్తుంచుకోవాలి. దుప్పట్లు, వేడినీళ్ళ సంచి చాలు. వెంటిలేటరు తెరిచి ఉన్నా సరే, నిప్పు ఉన్న గదిలో నిద్ర వద్దు. బండిని వేడెక్కించాలన్నా ముందు వీధిలోకి తెచ్చి, ఆ తరువాతే ఇంజను నడపాలి.

చలిరాత్రుల్లో ఇంజను వెచ్చదనానికి పిల్లులు బండి కిందికి చేరతాయి. పిల్లిని బంధించి ఆకలితో చంపిన స్త్రీ నరకానికి అర్హురాలైన సంగతి మనకు హదీసులో తెలిసినదే. షట్టరు మూసే ముందు ఒకసారి వంగి చూడడం కష్టమేమీ కాదు.

పొరుగువారి హక్కు

ఫజర్‌కు మసీదుకు బయలుదేరుతూ మనం లేపే షట్టరు వీధంతా వినిపించేలా అరుస్తుంది. పక్కింట్లో రాత్రంతా దగ్గి అప్పుడే కన్నుమూసిన ముసలాయన ఉండవచ్చు. పసిబిడ్డ ఉండవచ్చు. ఎవరి కీడు నుంచి పొరుగువాడు నిశ్చింతగా ఉండలేడో అతను విశ్వాసి కాడని దైవప్రవక్త (స) మూడుసార్లు ప్రమాణం చేసి చెప్పారు. నమాజుకు వెళ్తున్నామన్న పుణ్యం ఆ చప్పుడును మాఫీ చేయించదు. నాలుగు చుక్కల నూనెతో తీరే హక్కును బాకీ ఉంచుకోవడం తెలివైన పని కాదు.

దివ్యఖుర్‌ఆన్ ఇనుమును గొప్ప అనుగ్రహంగా పేర్కొన్నది. అందులో మహాబలమూ, మానవులకు ప్రయోజనాలూ ఉన్నాయని హదీద్ సూరా చెబుతున్నది. హజ్రత్ దావూద్ (అ) కోసం ఇనుమును మెత్తబరిచిన అల్లాహ్, కవచపు కడియాలను సరైన కొలతతో అల్లమని ఆయనకు ఆజ్ఞాపించాడు. ఇనుప పనిలో కూడా కొలత, శ్రద్ధ ఆరాధనలో భాగమేనని దీనివల్ల తెలుస్తున్నది. మనుషుల చేతలే వారి హృదయాలపై తుప్పులా పేరుకున్నాయని ముతఫ్ఫిఫీన్ సూరా హెచ్చరిస్తున్నది. రేపు చేద్దామంటూ వదిలేసిన ప్రతి బాధ్యతా అలాగే పేరుకుంటుంది. మా షట్టరుపై ఉన్న తుప్పులో మా నిర్లక్ష్యమే మాకు కనిపించింది.

ఇప్పుడు ఏటా వానలు తగ్గగానే ఒక శుక్రవారం మధ్యాహ్నం పిల్లలతో కలిసి ఆ గాడులు మేమే తుడుస్తాం. పని ముగిశాక, అందరికంటే చిన్న పిల్లవాడిని పిలిచి, బిస్మిల్లాహ్ అని షట్టరు ఎత్తమంటాం. వాడు ఒక్కడే ఎత్తగలిగితేనే ఆ ఏటికి పని పూర్తయినట్టు.

మన ఇళ్ళను, మన పిల్లలను అల్లాహ్ తన రక్షణలో ఉంచుగాక. మనకు అప్పగించిన వాటిని వాయిదా వేయక సరిచూసుకునే సద్బుద్ధిని ప్రసాదించుగాక. ఆమీన్.