తూకపు ముల్లు కదలనప్పుడు

1998 నవంబరులో నాటి ప్రధానమంత్రి శ్రీ అటల్ బిహారీ వాజపేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. నాడు ఆ చుట్టుప్రక్కల బండరాళ్ళు, పొదలు తప్ప చెప్పుకోదగినదేమీ లేదని పెద్దలు అంటారు. నేడు అక్కడినుండి రాయదుర్గం, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ వరకు అద్దాల మేడలే. ఆ మేడలలో పనిచేసే యువకులకు జీతాలు మంచివే. కాని పని అంతయు కుర్చీలోనే. అమెరికా పగలు మనకు రాత్రి గనుక నిద్రకు వేళ లేదు, భోజనానికి అంతకన్నా లేదు. దీని ఫలితం ఎట్లున్నదో 2025లో ‘సైంటిఫిక్ రిపోర్ట్స్’ పత్రికలో వెలువడిన ఒక పరిశోధన తెలిపింది. హైదరాబాదులో పరీక్షించిన 345 మంది ఐ.టి. ఉద్యోగులలో సుమారు 71 శాతం స్థూలకాయులు. 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు పేరుకొని ఉన్నది.

వీరిలో కొందరు చివరకు శస్త్రచికిత్సను ఆశ్రయిస్తున్నారు. అది మంచిదా, చెడ్డదా అన్న వాదన మా ఉద్దేశం కాదు. అర్హత గలవారికి అది మేలు చేస్తుందని వైద్యశాస్త్రం నిర్ణయించినదే. శస్త్రచికిత్స జరిగి, బరువు చకచకా తగ్గి, ఒకనాడు హఠాత్తుగా తగ్గుట ఆగిపోయినప్పుడు ఏమి జరుగుతున్నదో, ఏమి చేయవలెనో వివరించుటయే ఈ వ్యాసం పని. ఎందుకంటే ఆ ఆగిన ఘడియలోనే చాలామంది ధైర్యం కోల్పోతారు. “లక్షలు పోసి ఆపరేషన్ చేయించుకొన్నావు, ఏం లాభం?” అని ఇంటివారు అనడం, ఆ మాటకు నొచ్చుకొని రోగి డాక్టరు వద్దకు పోవుటే మానుకొనడం మేము విన్నాము. కొందరు తిండి మానివేస్తారు. అది మరింత ప్రమాదం. దాని సంగతి ముందు చెప్పుతాము.

ఇంగ్లీషులో ఈ స్థితిని ‘ప్లాటో’ అంటారు. భూగోళశాస్త్రంలో మనం దక్కను పీఠభూమి అని చదివే మాట అదే. కొండ దిగేవానికి నడుమ ఒక చదునునేల తగిలినట్లన్నమాట.

మన ప్రాంతంలో చేసే శస్త్రచికిత్సలలో ముఖ్యమైనవి రెండు. మొదటిది స్లీవ్. ఇందులో జీర్ణాశయంలో సుమారు ముప్పాతిక భాగాన్ని, కొన్ని సందర్భాలలో అంతకన్నా ఎక్కువను, కోసి తీసివేసి అరటికాయ వంటి సన్నని గొట్టాన్ని మిగుల్చుతారు. ఆకలిని రేపే ‘గ్రెలిన్’ అనే రసాయనం పుట్టే భాగం చాలావరకు పోతుంది గనుక ఆకలి కూడ తగ్గుతుంది. రెండవది బైపాస్. జీర్ణాశయపు పైభాగాన చిన్న సంచి వంటిది ఏర్పరచి, దానిని నేరుగా చిన్నప్రేగు క్రింది భాగానికి కలుపుతారు. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో డాక్టర్ ఎడ్వర్డ్ మేసన్ 1966లో ఆరంభించిన పద్ధతికి ఇది సంస్కరింపబడిన రూపం.

మొదటి స్తంభన సాధారణంగా మూడవ వారం ప్రాంతంలోనే వస్తుంది. దీనికి కారణం నీరు. మన కండరాలలోను, కాలేయంలోను పిండిపదార్థం గ్లైకోజన్ రూపంలో సుమారు అరకిలో నిలువ ఉంటుంది. దాని ప్రతి గ్రాముకు మూడు గ్రాముల నీరు అంటిపెట్టుకొని ఉంటుంది. తిండి తగ్గిన మొదటి రోజులలో ఈ నిలువ కరిగి, రెండు కిలోల దాకా బరువు ఇట్టే తగ్గుతుంది. తరువాత రోగి కొద్దికొద్దిగా తినడం మొదలుపెట్టగానే నిలువ కొంత తిరిగి నిండుతుంది, నీరు చేరుతుంది. లోపల కొవ్వు కరుగుతూనే ఉన్నా పైకి ముల్లు కదలదు. స్త్రీలలో నెలసరికి ముందు చేరే నీరు కూడ ఇటువంటి మాయే చేస్తుంది. కనుక రోజుకు నాలుగుసార్లు తూకం ఎక్కేవారికి మనశ్శాంతి ఉండదు. వారానికి ఒకనాడు, ఉదయం ఒకే వేళకు తూచుకొని, నడుము చుట్టుకొలత కూడ వ్రాసి పెట్టుకొనుట మేలు.

ఆరు నెలల తరువాత వచ్చే స్తంభన వేరు. దీనికి మూలం లెక్కలో ఉన్నది. నిద్రలో సైతం శరీరం కొంత శక్తిని ఖర్చు చేస్తుంది. వైద్యులు వాడే ఒక సూత్రం ప్రకారం ఒక్కొక్క కిలో బరువుకు రోజుకు సుమారు 10 కేలరీలు. ముప్పది కిలోలు తగ్గినవానికి విశ్రాంతిలోనే 300 కేలరీల ఖర్చు తగ్గిపోయిందన్నమాట. నాడు బరువు తగ్గించిన ఆహారమే నేడు ఉన్న బరువును నిలబెట్టుటకు సరిపోతున్నది. దీనికి తోడు శరీరం తన పొయ్యి మంటను ఇంకా కొంత తగ్గించుకొంటుంది. 1944-45లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ 36 మంది యువకులకు 24 వారాలు అరకొర ఆహారం పెట్టి పరీక్షించాడు. వారి బరువు నాలుగవ వంతు తగ్గగా, విశ్రాంతిలో శక్తి వ్యయం సుమారు 40 శాతం పడిపోయింది. కరువు వచ్చినదని భావించి శరీరం పొదుపు చేస్తుంది. సంసారం నడిపే ఇల్లాలికి ఇది చెప్పనవసరం లేదు. శస్త్రచికిత్స జరిగినవారిలో ఈ పొదుపు అంత తీవ్రంగా ఉండకపోవచ్చును గాని, ఉండకపోదు.

ఇక ఆహారం. హైదరాబాదు వాసులకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కు ఉన్నదని మా అభిప్రాయం. చిన్నదైన జీర్ణాశయం గట్టి పదార్థాన్ని ఎక్కువసేపు ఆపగలదు. మెత్తనిదాన్ని, ద్రవాన్ని ఆపలేదు. ఒక మాంసపు ముక్కను బాగా నమిలి తింటే నాలుగు ముద్దలకే కడుపు నిండుతుంది. అదే నేతిలో మునిగిన హలీం అయితే జారిపోతూనే ఉంటుంది. ఇరానీ చాయిలో ముంచిన ఉస్మానియా బిస్కెట్టుకు అడ్డే లేదు. ఆఫీసు క్రింది చాయి బండి వద్ద నాలుగు కప్పులు, మీటింగుకు ఒక తీపి కాఫీ, అర్ధరాత్రి ఒక చల్లని పానీయం - వీటిని ఎవరూ భోజనంగా లెక్కించరు. “నేను ఏమీ తినడం లేదు” అని రోగి చెప్పేది అబద్ధం కాదు, అతడు త్రాగుతున్నాడు. ఒక వారంపాటు నోటిలోకి పోయిన ప్రతి వస్తువును చిన్న పుస్తకంలో వ్రాస్తే చాలా స్తంభనల రహస్యం అక్కడే బయటపడుతుంది.

వైద్యులు చెప్పే నియమం సులభమైనదే. రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు; పళ్ళెంలో వాటినే ముందు తినవలెను. ఒక కోడిగ్రుడ్డులో ఉండేది ఆరు గ్రాములే గనుక పప్పు, పెరుగు, చేప, చికెన్, పనీరు అన్నీ కలిసినగాని ఆ లెక్క తేలదు. బిర్యానీ తినకూడదని ఎవరూ అనరు. ముక్క ముందు, అన్నం తరువాత. భోజనంతోపాటు నీరు త్రాగక, అర గంట ఆగి కొద్దికొద్దిగా గుక్కలు వేయవలెను. మాంసకృత్తులు చాలకపోతే కొవ్వుతోపాటు కండ కరుగుతుంది. కండ తగ్గితే ఖర్చు తగ్గుతుంది, స్తంభన బిగుస్తుంది. అందుచేతనే నడక ఒక్కటే చాలదు. వారానికి రెండు మూడుసార్లు బరువులెత్తడమో, కుర్చీలోనుండి లేచి కూర్చొనే వ్యాయామమో అవసరం. కొత్తగూడ బొటానికల్ గార్డెన్‌లో నడిచే వారిని చూచినప్పుడు మాకు సంతోషమే, కాని రాత్రంతా మేల్కొన్నవాడు నిద్ర మాని అక్కడికి పోవుటలో అర్థం లేదు. నిద్ర చాలకపోతే ఆకలి పెరుగుతుంది.

రంజాన్ మాసం విషయం మమ్మల్ని తరచుగా అడుగుతుంటారు. శస్త్రచికిత్స జరిగిన తొలి నెలలలో పదమూడు గంటలు నీరు లేక ఉండుట శరీరానికి తగదు. రోగికి సడలింపు ఉన్నదని మనకందరికీ తెలిసినదే. తరువాతి సంవత్సరాలలో కూడ మధుమేహపు మందులు వాడేవారు ముందుగా డాక్టరును సంప్రదించిన తరువాతనే ఉపవాసం పూనవలెను. ఉపవాసంతో స్తంభన విడుతుందనే ఆశ మాత్రం పెట్టుకోరాదు. ఇఫ్తారులో షర్బతు, వేపుళ్ళు జారిపోయేవే.

తిండి మానివేసే వారి సంగతి చెప్పుతామన్నాము. వాంతులతోనో, పట్టుదలతోనో కొన్ని వారాలు సరిగా తిననివారిలో థయమిన్, అనగా బి1 విటమిన్, నిలువలు త్వరగా అడుగంటుతాయి. చూపు రెండుగా కనబడడం, నడక తూలడం, మతి తప్పడం దాని లక్షణాలు. ఆలస్యమైతే నష్టం శాశ్వతం. బెరిబెరి అనే ఆ పాత వ్యాధిని పరిశోధించుటకే 1918లో కూనూరులో ఒక చిన్న గది ఆరంభమైనది. అదే పెరిగి 1958లో హైదరాబాదుకు వచ్చి, నేడు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థగా ఉన్నది. ఒకనాటి పేదవాని జబ్బు సంపన్నుల నగరంలో ఇట్లు తిరిగి కనిపించుట విచిత్రమే. ఆగని వాంతులుంటే తెల్లవారే దాకా ఆగక ఆసుపత్రికి పోవలెను.

చివరకు బరువు ఎక్కడ ఆగుతుంది? స్వీడన్‌లో 1987లో ప్రారంభమైన ఒక దీర్ఘకాలిక పరిశీలనలో, బైపాస్ జరిగినవారు ఒకటి రెండు సంవత్సరాలలో సగటున 32 శాతం బరువు తగ్గి, పదేళ్ళకు 25 శాతం తగ్గుదల వద్ద నిలిచారు. 120 కిలోల మనిషి 82కు దిగి, 90 వద్ద స్థిరపడినాడన్నమాట. ఏడాదిన్నర తరువాతి చదునునేల చాలామందికి గమ్యస్థానమే. ఆ 90 కిలోల వద్ద చక్కెర, రక్తపోటు అదుపులో ఉండి, మోకాళ్ళు నొవ్వక మెట్లెక్కగలిగితే అది ఓటమి అనుటకు వీలు లేదు. 2007లో వెలువడిన అదే పరిశీలన ఫలితాల ప్రకారం శస్త్రచికిత్స పొందినవారిలో మరణాలు కూడ తక్కువే.

అయితే బరువు ఆగక తిరిగి పెరుగుతూ ఉంటే డాక్టరు చూడవలసినవి ఉన్నాయి: థైరాయిడ్, బరువు పెంచే కొన్ని మానసికవ్యాధి మందులు, స్టెరాయిడ్లు, సాగిన జీర్ణాశయం. 2025లో టిర్జెపటైడ్, ఊబకాయం చికిత్సకై సెమాగ్లుటైడ్ సూదిమందులు మన దేశంలో అమ్మకానికి వచ్చినవి. శస్త్రచికిత్స తరువాత కూడ కొందరికి వాటిని ఇస్తున్నారు. మిత్రుని చీటీ చూచి కొని పొడుచుకొనే మందు కాదు అది. ఏ మందూ అవసరం లేనివారు సైతం బి12, ఇనుము, డి విటమిన్ పరీక్షలు ఏడాదికొకసారి, జీవితాంతం చేయించుకొనవలెను. పరీక్షకు పోయేటప్పుడు ఆ చిన్న పుస్తకం వెంట తీసుకుపోతే డాక్టరుకు సగం పని తప్పుతుంది.