డి విటమిన్ గుండెను కాపాడుతుందా?

ఈ మధ్య మన ఇళ్ళలో మందుల డబ్బా తెరిస్తే బీపీ, షుగర్ మాత్రల పక్కన మరొకటి కనబడుతోంది. అది 60,000 యూనిట్ల డి విటమిన్ పొట్లం. ఒళ్ళు నొప్పులకని డాక్టరుగారు ఎనిమిది వారాలకు రాసిచ్చిన చీటీతో రెండేళ్ళుగా కొని తాగుతున్న నానీలు, దాదీలు ఉన్నారు. "ఎముకలకే కాదు బేటా, గుండెకూ మంచిదట" అంటారు. ఆ ధీమాతో కొలెస్ట్రాల్ మాత్ర మానేస్తేనే ముప్పు.

ఆ మాట ఊరికే పుట్టలేదు. రక్తంలో డి విటమిన్ తక్కువగా ఉన్నవారికి గుండెజబ్బులు ఎక్కువగా వస్తున్నాయని అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పరిశీలనలో 2008లో తేలింది. అయితే జబ్బుతో ఇంటిపట్టునే ఉండేవారికి ఎండ తగలదు, లావుగా ఉన్నవారి రక్తంలోనూ ఈ విటమిన్ తక్కువే. మరి ఆ లోపం జబ్బుకు కారణమా, లేక జబ్బుకు గుర్తు మాత్రమేనా?

దీన్ని తేల్చడానికి అమెరికాలోనే 25,871 మందిని తీసుకుని సగం మందికి రోజూ 2,000 యూనిట్ల డి విటమిన్, మిగతావారికి మందు లేని ఉత్త మాత్ర ఇచ్చారు. అయిదేళ్ళకు పైగా గమనించి 2018లో ఫలితం ప్రకటించారు. గుండెపోటు, పక్షవాతం తగ్గలేదు. న్యూజిలాండ్‌లో అయిదు వేల మందికి నెలకోసారి లక్ష యూనిట్లు ఇచ్చి చూసినా 2017లో ఇదే తేలింది. ఆస్ట్రేలియాలో మాత్రం, అరవై దాటిన 21 వేల మందిలో సగం మందికి అచ్చం మన పొట్లమంత మోతాదే, 60,000 యూనిట్లు, నెలకోసారి అయిదేళ్ళు ఇచ్చారు. విటమిన్ అందినవారిలో నూటికి 6.0 మందికి, అందనివారిలో 6.6 మందికి గుండెపోటు వంటివి వచ్చాయని 2023లో చెప్పారు. అంత చిన్న తేడా కాకతాళీయమూ కావచ్చు.

ఈ ప్రయోగాల్లో చేరినవారిలో ఎక్కువమందికి అసలు లోపమే లేదన్నది మరువరాదు. మన సంగతి వేరు. పల్లెల్లో సైతం ఎందరికో ఈ లోపం ఉన్నట్టు తిరుపతి స్విమ్స్ వైద్యులు 2007లోనే చూపారు. ఇక పరదా పాటిస్తూ, వాకిలి లేని అపార్టుమెంట్లలో ఉండే మన ఆడవాళ్ళ సంగతి చెప్పాలా? కిటికీ అద్దంలోంచి పడే ఎండ ఇందుకు పనికిరాదు. ఎవరి కంటా పడని డాబా ఉంటే, ఎండ బాగా ఉన్న వేళ చేతులకు, ముఖానికి కాసేపు తగలనిస్తే మేలు. వీలుకానివారికి మాత్రలు అవసరమే. అయితే అవి ఎముకల కోసం, కండరాల బలం కోసం.

మంచిదే కదా అని ఎడతెగకుండా వాడితే అది ఒంట్లో కొవ్వులో నిలవ ఉండిపోతుంది. రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, విపరీతమైన దాహం, మలబద్ధకం వస్తాయి. చివరకు కిడ్నీలు దెబ్బతింటాయి. ఈసారి డాక్టరు దగ్గరకు వెళ్ళేటప్పుడు ఆ పొట్లాన్నీ, పాత చీటీనీ వెంట తీసుకెళ్ళి, ఎప్పుడు ఆపాలో అడగాలి. గుండె మాత్రలు మాత్రం ఆయన చెప్పేదాకా ఆపకూడదు.