కంది ధరల ఊగిసలాట: పదేళ్ళ అనుభవం

పప్పుదినుసుల వర్తకంలో గత పదేళ్ళుగా ఎక్కువమంది చేతులు కాల్చుకున్న సరుకు కంది. ధర పెరిగినప్పుడు వినియోగదారులు గగ్గోలు పెట్టారు, పడిపోయినప్పుడు రైతులు వాపోయారు. రెండు సందర్భాలలోనూ గోడౌన్లలో సరుకు ఉన్నవారు నిద్రలేని రాత్రులు గడిపారు.

2015 అక్టోబరులో పలు నగరాల చిల్లర బజారులో కందిపప్పు కిలో 200 రూపాయలు తాకింది. వరుసగా 2014, 2015లలో వర్షాలు తగ్గాయి. 2015-16లో దేశం మొత్తం దిగుబడి 25.6 లక్షల టన్నులకు మించలేదు. కేంద్రం దిగుమతిదారులకు సైతం నిల్వ పరిమితి విధించింది, సోదాలు జరిగాయి. దాచిన సరుకు కొంత బయటపడింది గాని, పండని పంట సోదాలతో పుట్టదు కదా!

ఆ ధర చూచి రైతులు కందివైపు మొగ్గారు. 2016 ఖరీఫ్‌లో తెలంగాణ ప్రభుత్వం కూడా పత్తి తగ్గించి పప్పుధాన్యాలు వేయమని ప్రచారం చేసింది. వానలు కలిసివచ్చాయి. 2016-17 దిగుబడి 48.7 లక్షల టన్నులు, అంటే ఏడాదిలో ఇంచుమించు రెట్టింపు. చాలదన్నట్లు, అంతకుముందు 2016 జూలైలోనే మొజాంబిక్ నుంచి ఏటా కొనుగోళ్ళకు ఒప్పందం కుదిరింది.

2017 ఆరంభంలో కొత్త సరుకు యార్డులకు దిగేసరికి, బోనస్‌తో కలిపి 5,050 రూపాయల మద్దతు ధర కాగితం మీదే మిగిలింది. బేరాలు అంతకు దిగువన సాగాయి. ప్రచారం వినక పత్తి వేసిన పొరుగు రైతుకు ఆ ఏడు మంచి ధర పలకడం మరో విచిత్రం. దిగుమతులకు కళ్ళెం పడింది 2017 ఆగస్టులో. కంది ఎగుమతి నిషేధం తొలగింది సెప్టెంబరులో. అప్పటికి రైతుల సరుకు చాలామటుకు చేతులు మారింది.

మిల్లర్ల లెక్క చూస్తే నష్టం ఎంతో తెలుస్తుంది. క్వింటాలు కంది మర ఆడితే సుమారు 70 కిలోల పప్పు దిగుతుంది. పొట్టు, నూక విలువ పక్కన పెడితే, కంది క్వింటాలుకు 1,000 రూపాయలు తగ్గినప్పుడు పప్పు మీద కిలోకు 14 రూపాయలు పోతాయి. హెచ్చు ధరకు కొని నిల్వ పెట్టినవారి గతి చెప్పనక్కరలేదు.

రెండవ దఫా ఊపు 2023లో వచ్చింది. జూన్ 2న టోకు వర్తకులకు 200 టన్నులు, చిల్లర దుకాణాలకు 5 టన్నులు పరిమితిగా నిర్ణయించారు. సెప్టెంబరు 25న టోకు పరిమితిని 50 టన్నులకు కుదించారు. జూన్ ఉత్తర్వు నమ్మి 200 టన్నులు ఉంచుకున్న వర్తకుడు ముప్పాతిక సరుకు వదిలించుకోవలసి వచ్చింది. నవంబరులో తిరిగి 200 టన్నులే అన్నారు! ఇంత జరిగినా 2024 జూన్‌లో పప్పు సగటు చిల్లర ధర కిలో 160 రూపాయల దరిదాపున నిలిచింది.

2025లో కథ మళ్ళీ తిరగబడింది. మద్దతు ధర 7,550 రూపాయలు కాగా, పలు యార్డులలో కంది అంతకు తక్కువకే పోయింది. కొత్త పంట యార్డులకు దిగుతున్న ఆ జనవరిలోనే, సుంకం లేని దిగుమతుల గడువును 2026 మార్చి 31 వరకు పొడిగించారు.