మోటారు వ్యానుపై రెండవ సౌరఫలకము

మార్కాపురమనగానే మనకు పలకలు జ్ఞాపకము వచ్చును. పలక యను మాట ఫలకమను సంస్కృతపదమునకు వికృతి. నేడు నేను ప్రసంగింపబోవునదియు ఒక ఫలకమును గూర్చియే. అయితే ఇది నేలలోనుండి త్రవ్వితీసిన రాతిపలక కాదు, ఎండను విద్యుత్తుగా మార్చు సిలికాన్ ఫలకము. మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతములలో వాన తక్కువ, ఎండ యెక్కువ యని మన పెద్దలు విసుగుతో చెప్పుకొనుచు వచ్చిరి. ఆ యెండను కొలతకు తెచ్చి పనికి పెట్టుకొను విద్య యిప్పుడు సామాన్యుని చేతికి వచ్చినది. గిద్దలూరు నుండి నల్లమల దాటి, నంద్యాల మీదుగా పడమరకు పోయినచో, గని, శకునాల గ్రామముల కడ 1000 మెగావాట్ల సౌరవిద్యుత్ క్షేత్రము కానవచ్చును. అది 2017లో పూర్తియైనది. ఆ క్షేత్రమును నడపు సూర్యుడే మన బండి పైకప్పు మీదను ప్రకాశించుచున్నాడు.

2021 మొదలుకొని 2025 మే నెల వరకు రేషను సరకులను ఇంటింటికి తెచ్చిన చిన్న వాహనములను మీరందఱును చూచియే యుందురు. అంతటి వాహనమునే గాని, దానికంటె కొంచెము పెద్దదానినే గాని, పడకయు దీపమును గల చిన్న గదిగా అమర్చుకొన్నచో, శ్రీశైలయాత్రకు పోవువారికిని, పల్లెపల్లెకు సరకు త్రిప్పువారికిని, గొఱ్ఱెలమందల వెంట పశువైద్యమునకు పోవువారికిని ఎంతో యుపకరించును. పైకప్పు మీద ఒక ఫలకమున్న దీపమునకు, పంఖాకు సరిపోవును. చలువపెట్టె చేర్చిన నాడు అది చాలదు. పశువుల టీకామందు సాధారణముగా 2 మొదలు 8 డిగ్రీల మధ్య నుండవలయును. ఆ చలువ తప్పినచో మందు కంటికి మునుపటివలెనే కనబడును గాని గుణము చెడియుండవచ్చును. ఆ సంగతి మందలో రోగము పుట్టిన పిమ్మట గాని తెలియదు. కావున రెండవ ఫలకము కావలయునను కోరిక న్యాయమైనదే. అయితే రెండవ ఫలకము చేర్చుట ఫలకముతో ముగియు పని కాదు. పైన బలము పెంచినప్పుడెల్ల, క్రింద బ్యాటరీ వఱకు గల ప్రతి యంగమును ఆ బలమును మోయగలదో లేదో పరీక్షింపవలెను. నేటి ప్రసంగసారమింతియే.

మొదట లెక్క. 28 వాట్ల పంఖా 10 గంటలు తిరిగిన 280 వాట్-గంటలగును. 7 వాట్ల దీపములు రెండు 5 గంటలు వెలిగిన 70. ఫోనులు మొదలగువానికి 50 అనుకొందము. 50 వాట్ల చలువపెట్టె దినములో సగము కాలము నడచిన 600. అన్నియు కలిసి 1000. ఇక రాబడి. మన ప్రాంతమున దినమునకు సగటున 5 గంటల పూర్తి యెండకు సమానమైన వెలుగు లభించుననుకొనవచ్చును. 150 వాట్ల ఫలకము 5 గంటలకు 750 ఇయ్యవలెను గాని, వేడి, ధూళి, తీగలు, బ్యాటరీ తమ పాలు తాము తీసికొనగా నూటికి 70 వంతులు, అనగా 525 మాత్రమే మిగులును. రెండు ఫలకములైన 1050. అవసరమునకు ఇంచుమించుగా సరిపోయినది. మబ్బుపట్టిన దినమున సరిపోదని కూడ ఈ లెక్కయే చెప్పుచున్నది. కావున అట్టి దినమున పంఖా ఆపి చలువపెట్టెను నడపుకొనవలెను.

ఫలకమును దక్షిణమునకు వాల్చి నిలుపవలెనా యని కొందఱు నన్నడుగుదురు. మార్కాపురము భూమధ్యరేఖకు ఉత్తరముగా సుమారు 15 డిగ్రీల 44 నిమిషముల దూరమున నున్నది. మే నెల తొలివారమునను, ఆగస్టు 10 ప్రాంతమునను మధ్యాహ్నసూర్యుడు మన నడినెత్తిమీదనే యుండును. డిసెంబరులో మిక్కిలి క్రిందికి దిగిన దినమున గూడ మధ్యాహ్నమున 51 డిగ్రీల యెత్తున నుండును. అప్పుడు సైతము చదునుగా పఱచిన ఫలకము నేరుగా వచ్చు కిరణములలో నూటికి 77 వంతులకు తక్కువ కాకుండ గ్రహించును. ఎప్పటికప్పుడు దిక్కు మాఱు బండికి వాలు కట్టుట వలన లాభము స్వల్పము, గాలిదెబ్బ యధికము. చదునుగా నుంచుటయే మేలు.

అయితే పైకప్పునకు అంటించి పఱుపరాదు. వేసవిలో 42 డిగ్రీల యెండకు ఫలకము 70 డిగ్రీల వఱకు కాగుచుండును. ఫలకము మీద వ్రాసిన శక్తి 25 డిగ్రీల వేడిమివద్ద కొలిచినది. ఆపై ప్రతి డిగ్రీకి నూటికి సుమారు 0.35 వంతు శక్తి తఱుగును. 45 డిగ్రీల హెచ్చునకు 16 వంతులు పోయినట్లే. ఫలకమునకు, కప్పునకు నడుమ 2 అంగుళముల సందు విడిచిన గాలి యాడి వేడి కొంత తగ్గును. మఱియు ఫలకమే గొడుగై లోపలి గదిని చల్లబఱచును. అతికించెడి పలుచని మెత్తని ఫలకములకు ఈ సౌకర్యము లేదు.

ఇక రెండు ఫలకములను కలుపు విధము. ఒక్కొక్కటి 18 వోల్టులు, 8.3 ఆంపియర్లు ఇచ్చునని యనుకొందము. ఒకదాని ధనాగ్రమును రెండవదాని ఋణాగ్రమునకు తగిలించుట శ్రేణి. అప్పుడు 36 వోల్టులు, 8.3 ఆంపియర్లు. ధనాగ్రములను ఒకచోట, ఋణాగ్రములను ఒకచోట చేర్చుట సమాంతరము. అప్పుడు 18 వోల్టులు, 16.6 ఆంపియర్లు. శక్తి రెండింట ఒక్కటే, గుణములు వేఱు. శ్రేణిలో ఒకదానిపై నీడ పడిన రెండవదాని ప్రవాహమునకును ఆటంకము కలుగును. ఫలకములోని ప్రక్కదారి డయోడులు నష్టమును కొంతవఱకే తగ్గించును. సమాంతరమున నీడలోనిది మాత్రమే నష్టపడును. కంభము చెఱువు ఒడ్డున చెట్టుక్రింద బండి నిలిపిన మనుష్యునికి నీడ కావలయును, ఫలకమునకు ఎండ కావలయును. ఇట్లు సగము నీడలో నిలుచు అలవాటున్నవారికి సమాంతరము మేలు. పాత ఫలకము వేఱు కొలతదైనచో, శ్రేణిలో తక్కువ ఆంపియర్లు గలది ఎక్కువ గలదానిని వెనుకకు లాగును. సమాంతరమున వోల్టులు దగ్గఱగా నుండవలయును. మూడవ ఫలకమును కూడ సమాంతరముగా చేర్చువారు ఒక్కొక్కదానికి వేఱువేఱు ఫ్యూజు పెట్టవలెను. ఏలయన, ఒకటి చెడినప్పుడు తక్కిన రెంటి ప్రవాహము దానిలోనికి తిరుగబాఱును.

శ్రేణికి గల లాభము తీగలో కనబడును. పైకప్పు నుండి క్రిందికి 6 మీటర్ల దూరమనిన, పోవుటకు వచ్చుటకు 12 మీటర్ల తీగ. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగలో 16.6 ఆంపియర్లు పాఱినచో 23 వాట్లు వేడియై పోవును. అదే తీగలో 8.3 ఆంపియర్లకు 6 వాట్లలోపే పోవును. ప్రవాహము సగమైన నష్టము నాలుగవ వంతగును. కావున సమాంతరము కోరువారు 6 చదరపు మిల్లీమీటర్ల తీగ వేయవలెను. నేను చూచిన యొక వ్యానులో మొదటి ఫలకమునకు వేసిన సన్నని తీగకే రెండవదానిని గూడ తగిలించియుండిరి. తలుపు ప్రక్కనున్న అతుకు కడ తొడుగు కరగి నల్లబడి, దాని ప్రక్కనే పడకగుడ్డ యుండెను. శక్తి నష్టమొక యెత్తు, నిద్రించువాని ప్రాణమొక యెత్తు.

ఫలకమునకు బ్యాటరీకి నడుమ నుండునది చార్జి కంట్రోలరు. అగ్గువగా దొరకు పి.డబ్ల్యు.ఎం. రకము ఫలకపు వోల్టులను బ్యాటరీ మట్టమునకు దించివేయును. 12 వోల్టుల బ్యాటరీకి ఈ రకముతో ఫలకములను శ్రేణిలో కట్టిన, రెండవ ఫలకము పెట్టి ప్రయోజనము లేదు. కంట్రోలరు చెడినను చెడవచ్చును. ఎం.పి.పి.టి. రకము హెచ్చు వోల్టులను తగ్గించి ఆంపియర్లుగా మార్చును. 300 వాట్లు 13 వోల్టుల వద్ద 23 ఆంపియర్లగును; కావున 30 ఆంపియర్ల కంట్రోలరు కావలెను, మొదటి ఫలకమునకు కొన్న 10 ఆంపియర్లది పనికిరాదు. అది తాళగల హెచ్చు వోల్టులను కూడ చూడవలెను. బరువు లేనప్పుడు శ్రేణిలో 44 వోల్టులుండును. చలికాలపు ఉదయమున ఇంకను పెరుగును. బ్యాటరీ సంగతియు మఱువరాదు. 150 ఆంపియర్-గంటల సీసపు బ్యాటరీలో 1800 వాట్-గంటలున్నను, సగము, అనగా 900 మాత్రమే వాడుట క్షేమము. మన లెక్కలో రాత్రి వ్యయము 650, అది చాలును. ఇంతకంటె చిన్న బ్యాటరీయైనచో ఫలకములెన్ని పెట్టినను మధ్యాహ్నపు విద్యుత్తు నిలువ యుండదు.

బ్యాటరీకిని కంట్రోలరునకును నడుమ 10 చదరపు మిల్లీమీటర్ల తీగ వేసి, బ్యాటరీ ధనాగ్రమునకు జానెడు దూరములోపుననే 40 ఆంపియర్ల ఫ్యూజు పెట్టవలెను. ఫ్యూజు తీగను కాపాడుటకే. దానికి బ్యాటరీకి నడుమనున్న తీగకు కాపుదల లేదు, అందుచేతనే ఆ దూరము స్వల్పముగా నుండవలెను. ఇండ్లలో వాడు ఫ్యూజులు, స్విచ్చులు ఇచట పనికిరావు. ఇంటి విద్యుత్తు సెకనుకు 100 మార్లు శూన్యమును తాకును గనుక నిప్పురవ్వ ఆఱిపోవును. ఫలకపు విద్యుత్తు ఏకముఖముగా పాఱుచు రవ్వను ఆఱనీయదు. కావున ప్రవాహము నడచుచుండగా జోడింపులు ఊడదీయరాదు. పని చేయునప్పుడు ఫలకమును దళసరి కంబళితో కప్పవలెను, ఎండలో నున్న ఫలకమునకు ఆపుటకు మీట లేదు. తగిలించునప్పుడు మొదట బ్యాటరీ, తరువాత ఫలకము. విప్పునప్పుడు మొదట ఫలకము, తరువాత బ్యాటరీ.

బిగింపు విషయము. 80 కిలోమీటర్ల వేగమున ఎదురుగాలి ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 29 కిలోల బరువుతో సమానము. దానికి 40 కిలోమీటర్ల యెదురుగాలి తోడైన 65 కిలోలగును. 150 వాట్ల ఫలకము ఇంచుమించు ఒక చదరపు మీటరు. దాని బరువు 10, 12 కిలోలే. ముందంచు క్రింద గాలి దూఱిన ఫలకము రెక్కవలె లేచును. దోర్నాల మీదుగా శ్రీశైలము పోవు ఘాటురోడ్డున ఊడిన ఫలకము వెనుక వచ్చు మోటారుసైకిలువానికి కత్తి వంటిది. కావున పలుచని రేకుకు రివెట్లు కొట్టి ఊరకుండరాదు. అల్యూమినియము పట్టీలకు కప్పు ఆరపార బోల్టులు వేసి, లోపల వెడల్పైన పళ్లెములు పెట్టి, సడలని నట్లతో బిగింపవలెను. రంధ్రములచుట్టు పాలియురిథేన్ లప్పము పూయవలెను. తీగ లోనికి దిగుచోట రబ్బరు తొడుగుండవలెను. దిగుటకు ముందు తీగను కొంచెము క్రిందికి వ్రేలాడదీసిన వాననీరు అక్కడనే జాఱిపోవును. ముందంచునకు గాలిని పైకి మరల్చు రేకు వేసిన మఱియు మంచిది. 1988 నాటి మోటారు వాహనముల చట్టమున 52వ సెక్షను, రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు భిన్నమగునట్లు వాహనమును మార్చరాదని చెప్పుచున్నది. కావున పనికి ముందే రవాణా కార్యాలయమున విచారించుట వివేకము.

చివరగా, పోషణ. మార్కాపురపు పలకల మిల్లుల చుట్టుపట్టుల సన్నని రాతిధూళి ఫలకముపై పేరుకొనును. దానిని ఎండెక్కకముందే కడుగవలెను. కాగిన అద్దముపై చన్నీరు పోయరాదు. మన బోరునీటిలో లవణములు మెండు. ఆ నీరు ఆరిన తెల్లని పొర కట్టి, ధూళికంటె గట్టిగా వెలుగును అడ్డగించును. వాననీరున్న దానితో కడుగుడు; బోరునీరే గతియైనచో వెంటనే పొడిగుడ్డతో తుడువుడు.

పని ముగిసిన పిమ్మట మొదటి 100 కిలోమీటర్లు నడిపి బోల్టులన్నియు మరల బిగింపుడు. తరువాత ఎండ బాగుగా నున్న మధ్యాహ్నమున, లోపల అతుకుల తొడుగులపై పొడిచేతిని ఉంచి చూడుడు. ఒకటి తక్కినవానికంటె వేడిగా నున్నచో ఆ యతుకు సడలియున్నదని యర్థము. ఫలకమును కంబళితో కప్పి దానిని సరిచేసిన తరువాతనే ప్రయాణము సాగింపుడు. ఇక సెలవు.