నాయకుడి మాటకు కోర్టులో తూకం

జనగామ కోర్టులో వకీలును. గాజా యుద్ధం మొదలైనప్పటి నుంచి చాయ్ బండి దగ్గర జూనియర్లు అడిగేది ఒకటే: "సార్, నాయకుడు మైకుల ఏదో అంటే అది జాతి హననం అయితదా?" అవునని గానీ కాదని గానీ ఒక్క ముక్కలో చెప్పలేను. మన దగ్గరి కేసుతోనే చెప్తాను.

కాసిం రజ్వీ కూడా వకీలే. లాతూరు నుంచి వచ్చి మజ్లిస్ అధ్యక్షుడయ్యాడు, నిజాం పక్షాన రజాకార్ల సేనను నడిపాడు. ఎర్రకోట మీద అసఫ్‌జాహీ జెండా ఎగరేస్తామంటూ సభల్లో ఊగిపోయేవాడు. 1948 ఆగస్టు 22న 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను హైదరాబాద్‌లో దారికాచి చంపారు, రాసే చెయ్యి నరికారు. ఆయన మన మహబూబాబాద్ దగ్గరి సుబ్రవేడులో పుట్టినవాడు, రజాకార్లను తప్పుపట్టిన ముస్లిం. ఐదు రోజులకు, ఆగస్టు 27న, మా జనగామ పక్కనున్న బైరాన్‌పల్లిని రజాకార్లు, నిజాం బలగాలు చుట్టుముట్టాయి. బురుజెక్కి ఊరిని కాచుకున్నవాళ్లతో సహా వంద మంది దాకా చనిపోయారు. అంతకు ఏడాది ముందే భూపాలపల్లి తొవ్వలోని పరకాలలో జాతీయ జెండా ఎగరేయబోయిన జనం మీద కాల్పులు జరిగాయి.

ఇవన్నీ ఘోరాలే. అయినా జాతి హననమని రుజువు చేయడం కష్టం. ఐక్యరాజ్యసమితి జాతి హనన ఒప్పందం వచ్చిందే 1948 డిసెంబర్ 9న. దాని ప్రకారం జాతీయ, తెగ, వర్ణ, మత సమూహాల్లో ఒకదాన్ని, ఆ సమూహమైనందుకే, పూర్తిగానో కొంతమేరకో తుడిచిపెట్టాలన్న ఉద్దేశం ఉండాలి. రాజకీయ పక్షాలకు ఆ జాబితాలో చోటు లేదు. బైరాన్‌పల్లి మీద పడింది ఎదురుతిరిగిన ఊరనే.

ఆ ఉద్దేశం దొరికేది ఎక్కువగా నాయకుల నోటి నుంచే. హంతకుడు మనసులో ఏమనుకున్నాడో చెప్పడు, అతన్ని పంపినవాడు మాత్రం సభలో చెప్తాడు. కాబట్టి కోర్టులో ఆ మాట మొదట సాక్ష్యం. రెండోది, జాతి హననానికి బహిరంగంగా, నేరుగా రెచ్చగొట్టడమే ఒక నేరం. ఆ మాట విని ఎవరూ కత్తి పట్టకపోయినా నేరమే. పాలకుడైనా మినహాయింపు లేదు.

రువాండాలో టాబా మేయర్ అకయేసు 1994లో ఒక సభలో టుట్సీల పేరెత్తలేదు. తిరుగుబాటుదారుల తొత్తులను ఏరిపారేయమన్నాడు. విన్నవాళ్లకు ఏం అర్థమైందని న్యాయమూర్తులు సాక్షులను అడిగారు. టుట్సీలనే అర్థమైందని తేలింది. 1998లో శిక్ష పడింది. గాజా విషయంలో 2024 జనవరి 26న అంతర్జాతీయ న్యాయస్థానం ఇజ్రాయెల్ నాయకుల మాటలను తన ఉత్తర్వులో ఉటంకించింది, అలా రెచ్చగొట్టేవాళ్లను అడ్డుకుని శిక్షించమని ఆ దేశాన్ని ఆదేశించింది. అది మధ్యంతర ఉత్తర్వే. ఆరోపణను ఇజ్రాయెల్ ఒప్పుకోదు.

మరి రజ్వీ? సుప్రీంకోర్టు దాకా వెళ్లి నిలబడిన శిక్ష బీబీనగర్ దోపిడీ కేసులోది. ప్రసంగాలకు కాదు. 1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్లిపోయాడు. తూకం ఒక పక్షానికే పెడితే న్యాయం కాదు. భారత సైన్యం హైదరాబాద్‌ను స్వాధీనం చేసుకున్న పోలీస్ యాక్షన్ తర్వాత ముస్లింల మీద జరిగిన హత్యాకాండలో 27 వేల నుంచి 40 వేల మంది పోయారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. అక్కడా ఎవరు, ఎవరితో, ఎప్పుడు, ఏమన్నారని అడగాల్సిందే.

మన దేశం ఆ ఒప్పందాన్ని ధ్రువీకరించింది 1959లో, అదీ బైరాన్‌పల్లి తేదీ ఆగస్టు 27నే. కానీ జాతి హననాన్ని నేరంగా చెప్పే చట్టం ఇంతవరకు చేయలేదు. 2018లో, సిక్కుల ఊచకోతకు సంబంధించిన సజ్జన్ కుమార్ కేసు తీర్పులో ఢిల్లీ హైకోర్టు ఈ లోటును ఎత్తిచూపింది. రేపు జనగామ చౌరస్తాలో ఒక నాయకుడు ఒక సమూహాన్ని తుడిచిపెట్టమని పిలుపునిస్తే, మా ఎస్సై ఎఫ్ఐఆర్‌లో రాయగలిగేది వర్గాల మధ్య విద్వేషం రేపడమన్న భారతీయ న్యాయ సంహిత 196 లాంటి సెక్షన్లే. అందుకే జూనియర్లకు చెప్తుంటాను: అలాంటి మాట వింటే ముందు తేదీ, చోటు, మొత్తం ప్రసంగం భద్రం చేయండి. చట్టం ఆలస్యంగా వచ్చినా, సాక్ష్యం ఆలస్యంగా పుట్టదు.