సూదికీ కొక్కేనికీ నడుమ

కోయిలకుంట్లలో మా అవ్వ బొంత కుట్టాలంటే ముందు వసారా ఖాళీ చేయించేది. నాపరాళ్ల మీద పాత చీరలు, నలిగిన పంచెలు పొరమీద పొర పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టేది. ఇక ఆ గుడ్డ కదలకూడదు. సూది పట్టుకొని తానే కొంచెం కొంచెం జరుగుతూ పోయేది. "కదిలిచ్చినావంటే లోపలి గుడ్డ ముడుసుకుంటాది నాయనా" అని మమ్మల్ని దగ్గరికి రానిచ్చేది కాదు. ఇంట్లో కాలితో తొక్కే మిషను ఉంది. అయినా బొంతను ఎన్నడూ దాని మీద కుట్టలేదు.

కారణం మిషను పుట్టుకలోనే ఉంది. కుంపిణీ మీద తిరగబడ్డ ఉయ్యాలవాడ నరసింహారెడ్డి మా కోయిలకుంట్ల ఖజానా మీద పడింది 1846 జూలైలో. రెండు నెలలకు, సెప్టెంబరు 10న, అమెరికాలో ఎలియాస్ హౌకు కుట్టు మిషను మీద పేటెంటు దక్కింది. సూది మొనలోనే కన్ను, పైన ఒక దారం, కింద ఒక దారం. 1851లో ఐజాక్ సింగర్ సూదిని నిట్టనిలువుగా ఆడించాడు. అలెన్ విల్సన్ గుండ్రంగా తిరిగే కొక్కేన్ని, 1854 నాటికి గుడ్డను పళ్లతో ముందుకు నెట్టే ఏర్పాటును తెచ్చాడు. సూది ఒకచోటే ఆడుతుంది, గుడ్డ నడుస్తుంది. చొక్కాకూ రవికకూ ఇంతకంటే ఏం కావాలి! బొంతకు మాత్రం అదే చిక్కు. సూదికీ మిషను మెడకూ మధ్య ఉన్నది జానెడు జాగా. చుట్టిన బొంత అందులో దూరదు. దూరినా పొరలు జారి ముడతలు పడతాయి.

లాంగ్‌ఆర్మ్ మిషను ఈ పద్ధతిని తలకిందులు చేసింది. మిస్సోరీలోని వెస్ట్ ప్లెయిన్స్‌లో గామిల్ కంపెనీ 1980ల నుంచి వీటిని తయారుచేస్తోంది. పది పన్నెండడుగుల బల్ల, దాని మీద పట్టాలు, పట్టాల మీద చక్రాలతో నడిచే మిషను తల. బొంత రోలర్ల మధ్య బిగుతుగా నిలిచి ఉంటుంది. మనిషి పిడులు పట్టుకొని తలను దాని మీద నడిపిస్తాడు. మెడ లోపల జాగా 18 అంగుళాల నుంచి 30 దాకా. నా మటుకు నాకు ఇది కొత్త ఊహలా అనిపించదు. మా అవ్వ వసారాలో చేసింది ఇదే కదా!

ఇంత పెద్దదాన్ని ఇల్లు మార్చాలంటే విప్పక తప్పదు. సూది, దారం తీసేసి, ఏ వైరు ఎక్కడిదో చీటీ కట్టుకోవాలి. తలను ఇద్దరు మనుషులు ఒంటి దగ్గర పట్టి లేపాలి. పిడులు పట్టి లేపకూడదు, అవి నడపడానికే గాని మోయడానికి కాదు. తర్వాత రోలర్లు, పట్టాలు, చివరికి బల్ల కాళ్లు. బల్ల ఎన్ని ముక్కలైనా కావచ్చు, తల మాత్రం విప్పరాదు.

ఎందుకంటే కుట్టు పడేది వెంట్రుకవాసి లెక్కలో. సూది అట్టడుగుకు దిగి, రెండు మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. ఆ లేవడంలో వదులైన దారం సూది వెనక చిన్న ఉచ్చులా ఉబ్బుతుంది. సరిగ్గా ఆ క్షణానికి కొక్కెం మొన వచ్చి ఆ ఉచ్చులో దూరాలి. సూదికీ కొక్కేనికీ మధ్య సందు కాగితం మందం. ముందొచ్చినా వెనకొచ్చినా కుట్టు తప్పుతుంది. మా తొక్కుడు మిషనును నంద్యాలకు తరలించేటప్పుడు ఒక మెకానిక్ సూది కడ్డీ మర ఒకటి వదులు చేశాడు. ఇంటికి చేరాక మూడు కుట్లు పడితే నాలుగోది తప్పేది. దాన్ని దారిలో పెట్టడానికి వారం పట్టింది.

కొత్త ఇంట్లో ముందు బల్లకు రసమట్టం పెట్టాలి. మేస్త్రీ గోడకు చూసినంత శ్రద్ధగా, పొడుగునా అడ్డంగా రెండు వైపులా చూడాలి. బుడగ నడిమికి రాకపోతే, చెయ్యి తీయగానే తల పల్లానికి దానంతటదే జారిపోతుంది. పట్టాల మీద ఒక్క దారప్పోగు ఉన్నా చక్రం తడబడుతుంది, ఆ తడబాటు కుట్టులో వంకరై కనిపిస్తుంది.

అంతా బిగించి, సూది, దారం మళ్లీ ఎక్కించాక, కరెంటు పెట్టేముందు తలకున్న చేతిచక్రాన్ని తిప్పాలి. సూది దిగుతుంది, లేస్తుంది. పైదారం కొస పట్టుకొని మెల్లగా లాగితే, సూది దిగే చిల్లులోంచి కిందిదారం ఉచ్చు తల ఎత్తుతుంది.