గర్భస్రావ ప్రక్రియలో నొప్పి: ఏ మత్తుమందు మేలు?

తొలి మూడు నెలల్లో గర్భస్రావానికి వైద్యులు వాడే పద్ధతుల్లో వాక్యూమ్ ఆస్పిరేషన్ ఒకటి. గర్భాశయ ముఖద్వారాన్ని కొద్దిగా వెడల్పు చేసి, సన్నని గొట్టంతో లోపలి కణజాలాన్ని పీల్చి తీస్తారు. పని సాధారణంగా పది నిమిషాల్లో పూర్తవుతుంది. చాలాచోట్ల మహిళ మెలకువగానే ఉంటుంది కాబట్టి, ముఖద్వారం చుట్టూ స్థానిక మత్తుమందు ఇస్తారు. దీని పేరు పారాసర్వైకల్ బ్లాక్.

ఈ మందులన్నీ చేసే పని ఒకటే. నాడీకణాల పొరలోని సోడియం మార్గాలను మూసేస్తాయి. సోడియం లోపలికి రాకపోతే నొప్పి సంకేతం ముందుకు సాగదు. తేడా అంతా వ్యవధిలో, భద్రతలో ఉంది. బుపివకైన్ ప్రభావం గంటల తరబడి ఉంటుంది. అయితే పొరపాటున రక్తనాళంలోకి వెళ్తే గుండెకు ప్రమాదం. పది నిమిషాల పనికి అంత ముప్పు ఎందుకు? క్లోరోప్రొకైన్‌ను రక్తంలోని ఎంజైములు క్షణాల్లో విడగొడతాయి. లిగ్నోకైన్ కొద్ది నిమిషాల్లోనే పనిచేస్తుంది, చవక, మన ఆసుపత్రులన్నిటికీ పరిచయం. అందుకే ఎక్కువగా వాడేది ఇదే.

అది ఎంత ఉపశమనమిస్తుంది? 2012లో అమెరికాలో 120 మందిపై జరిపిన పరీక్షా ఫలితాలు వెలువడ్డాయి. కొందరికి లిగ్నోకైన్ ఇచ్చారు, మిగతావారికి ఇచ్చినట్టు నటించారు. వందకు లెక్కిస్తే, ముఖద్వారం వెడల్పు చేసేటప్పటి నొప్పి 79 నుంచి 42కు, పీల్చేటప్పటి నొప్పి 89 నుంచి 63కు తగ్గింది. సూది వల్ల కలిగే నొప్పి మాత్రం 30 నుంచి 55కు పెరిగింది. మందు పనిచేసినట్టే, కానీ 63 చిన్న నొప్పేమీ కాదు.

కారణం శరీర నిర్మాణంలోనే ఉంది. గర్భాశయం పైభాగపు నాడులు వేరే దారిలో వెన్నుపాముకు చేరతాయి. అక్కడి మెలిపెట్టే నొప్పిని ఈ ఇంజెక్షన్ పూర్తిగా ఆపలేదు. అందుకే దానికి తోడు ముందుగా ఐబుప్రొఫెన్ వంటి మాత్ర కూడా ఇవ్వాలి. 14 వారాల లోపు ఈ రెండింటినీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్గదర్శకాలు సిఫారసు చేశాయి. పూర్తి మత్తును మామూలుగా వాడవద్దన్నాయి.

మందు ఎంపిక కన్నా మోతాదు లెక్కే ఎక్కువ జాగ్రత్త కోరుతుంది. లిగ్నోకైన్‌కు సాధారణ పరిమితి కిలో బరువుకు 4.5 మిల్లీగ్రాములు. అంటే 45 కిలోల మహిళకు దాదాపు 200. ఒక శాతం ద్రావణం 20 మిల్లీలీటర్లలో సరిగ్గా అంతే ఉంటుంది. మన దేశంలో తరచుగా దొరికే రెండు శాతం సీసా నుంచి, పలుచన చేయకుండా అంతే పరిమాణం తీస్తే 400 అవుతుంది. చెవుల్లో హోరు, పెదవుల చుట్టూ తిమ్మిరి మోతాదు మించిందనడానికి తొలి గుర్తులు. ఆ తర్వాత మూర్ఛ కూడా రావచ్చు.